క్యారీలో కొన్న దవావ్ మిఠాయి

అమెరికాలో క్యారీ అనే ఊళ్లో దేదీప్య పనిచేసే ఆఫీసు ఉంది. అక్కడి బ్రేక్ రూమ్ బల్ల మీద ఒక మూల ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. ఎవరు ఏ ఊరు వెళ్లొచ్చినా తెచ్చినవి అక్కడ పెట్టాలి. హైదరాబాద్ వాళ్లు నేతి మిఠాయిలు పెడతారు, మెక్సికో వెళ్లొచ్చినవాళ్లు కారం పూసిన చింతపండు బిళ్లలు పెడతారు. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. కానీ పెట్టనివాళ్లెవరో అందరికీ గుర్తుంటుంది. నాలుగేళ్లుగా దేదీప్య ఆ బల్ల దగ్గర తింటూనే ఉంది. పెట్టింది మాత్రం ఒక్కసారీ లేదు.

పెట్టాలంటే ముందు ఎక్కడికైనా వెళ్లాలి కదా. ఆమె పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది. ఉద్యోగం చేసుకోవచ్చు గానీ, దేశం దాటితే మళ్లీ స్టాంపింగ్ చేయించుకుంటే తప్ప రానివ్వరు. అలా ఇండియా వెళ్లి, స్టాంపింగ్‌కి డేట్ దొరక్క ఐదు నెలలు అక్కడే ఉండిపోయి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆమె పక్క అపార్ట్‌మెంట్‌లోనే ఉండేవాడు. అది చూశాక ఆమె క్యారీ దాటి పోయింది లేదు.

"ఏంది దేదీప్యా, నాలుగేండ్ల సంది మా డబ్బాలే ఖాళీ చేస్తున్నవ్. నీ డబ్బా ఎప్పుడు?" అన్నాడు ఒకరోజు హర్షవర్ధన్. ఆయనది వరంగల్, పక్క సీటు.

"వచ్చే నెలే. దవావ్ వెళ్తున్నా, కాలేజ్ రీయూనియన్‌కి."

ఎందుకలా అన్నావని తర్వాత నేను అడిగాను. ఆదివారాలు దేదీప్య మా ఇంటికొచ్చి వంటగదిలో స్టూలు మీద కూర్చునేది, అప్పుడు చెప్పింది ఇదంతా. "ఏమో అక్కా, నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకుంటే ఇంకా సిగ్గు కదా," అంది.

దవావ్ ఆమెకు తెలియని ఊరు కాదు. ఫిలిప్పీన్స్‌లోని ఆ ఊళ్లో ఆరేళ్లు డాక్టరీ చదివింది. ఇండియాలో ప్రాక్టీసుకి రాయాల్సిన పరీక్ష రెండుసార్లు తప్పి, దారి మార్చి, పబ్లిక్ హెల్త్ చదవడానికి ఈ దేశం వచ్చింది. దవావ్‌లో ఆమె అద్దెకున్నది బెలెన్ అనే ఆవిడ ఇంటి మేడ మీద. బస్ స్టాండ్ పక్కన బెలెన్‌కి కొట్టు ఉండేది. ఎండబెట్టిన మామిడి ముక్కలు, దురియన్ పండు మిఠాయి, పంపరపనస తొక్కతో చేసిన తీపి, ఇవే సరుకు. బస్సెక్కి ఇంటికి పోయేవాళ్లు ఆగి కొనుక్కుంటారు. ఊరెళ్లినవాడు ఇంట్లోవాళ్లకు తెచ్చేదాన్ని అక్కడ పసలుబోంగ్ అంటారు. ఒట్టి చేతులతో గుమ్మమెక్కడం వాళ్లలో లేదు. దేదీప్య సెలవులకు సొంతూరు తణుకు బయలుదేరితే బెలెన్ ఒక్కో పొట్లం మీద ఒక్కో పేరు అడిగి రాసేది. "పేరు లేని పొట్లం బజారు సరుకు. పేరుంటేనే పసలుబోంగ్," అనేదట.

చివరిసారి వచ్చేటప్పుడు, మళ్లీ వస్తాను, నీకు సున్నుండలు తెస్తాను అని చెప్పి వచ్చింది. పరీక్ష తప్పాక ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. ఆ మాటకు ఎనిమిదేళ్లు.

వారం సెలవు పెట్టింది. కిటికీలు మూసి అపార్ట్‌మెంట్‌లోనే ఉంది. కారు ఎవరి కంటా పడకుండా రెండు బిల్డింగుల అవతల పార్క్ చేసింది. ఆ వారమంతా ఆమె చేసిన పని ఒకటే, ప్రయాణం తయారు చేసుకోవడం. దవావ్‌లో వాన పడిందా, ఎవరెవరు వచ్చారు, ఎవరు లావయ్యారు, బెలెన్ కొట్టు అక్కడే ఉందా. ఎవరేం అడిగినా తడుముకోకూడదు. దొరికిపోతే ఆఫీసులో ఇక తలెత్తుకోలేదు.

గురువారం లోర్నా కొట్టుకి వెళ్లింది. క్యారీ శివార్లలో, టైర్ల షాపు పక్కన చిన్న ఫిలిప్పీన్స్ కిరాణా. లోర్నాకు అరవై దాటాయి. దేదీప్య ఆమెను ఆటే అంటుంది, వాళ్ల భాషలో అక్క అని.

"పదకొండు పొట్లాలా? ఇంట్లో ఫంక్షనా?"

"ఆఫీసుకి, ఆటే. నేను దవావ్ వెళ్లానని చెప్పాను."

లోర్నా నవ్వలేదు. గల్లాపెట్టె పక్కనున్న నల్ల మార్కర్ తీసి, "పేర్లు చెప్పు," అంది.

ప్రతి పొట్లం వెనక కాలిఫోర్నియా దిగుమతిదారు స్టిక్కరు ఉంది. దేదీప్య ఇంటికొచ్చి హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, గోటితో ఒక్కోటీ ఊడదీసింది. రెండు గంటలు పట్టింది.

సోమవారం పొద్దున్నే బల్ల మీద పదకొండూ పరిచింది. కాసేపటికే దురియన్ పండు కంపు కారిడార్‌లోకి పాకింది.

"ఎవరన్నా గ్యాస్ లీక్‌కి కంప్లయింట్ ఇచ్చిన్రా?" అన్నాడు హర్షవర్ధన్, తన పొట్లం చించుతూ. "మొత్తానికి బాకీ తీర్చినవ్ తల్లీ." రెండు మిఠాయిలు నోట్లో వేసుకుని స్టాండప్ మీటింగ్‌కి పోయాడు.

టీమ్ లీడ్ శ్రీవిద్య హెడ్‌సెట్ సర్దుకుంటూ వచ్చింది. "వెల్‌కమ్ బ్యాక్! ట్రిప్ బాగా జరిగిందా?"

"బాగా జరిగిందండీ, అక్కడ వాన..."

"నైస్, నైస్," అంటూ శ్రీవిద్య అప్పటికే మైకు ఆన్ చేసుకుని నడిచి వెళ్లిపోయింది.

అంతే. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. వానా, రీయూనియనూ, లావైనవాళ్లూ అన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ఆరింటికి అందరూ వెళ్లాక దేదీప్య బల్ల తుడవడానికి వెళ్లింది. హర్షవర్ధన్ పొట్లం బోర్లా పడి ఉంది. దాని వెనక ఆమె ఊడదీయడం మర్చిపోయిన స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది. కాలిఫోర్నియా అడ్రసు, ఫోన్ నంబరుతో సహా. పొద్దుటినుంచి అందరి కళ్లముందూ అలాగే ఉంది. ఒక్కరూ చదవలేదు.

"దొరికిపోయినా బాగుండేది అక్కా," అంది నాతో. "దొరకాలంటే ఎవరో ఒకరు చూడాలి కదా."

శనివారం మళ్లీ లోర్నా కొట్టుకి వెళ్లింది. కొనేదేమీ లేదు. బియ్యం బస్తాల దగ్గర నిలబడి ఒక సబ్బు పట్టుకుంది. లోర్నా చూసి, కౌంటర్ లోపలి స్టూలు బయటికి జరిపింది.

"వచ్చేశావా? కూర్చో. ప్రయాణం ఎలా జరిగింది?"

వెక్కిరిస్తోందేమోనని దేదీప్య ఆమె మొహంలోకి చూసింది. అలాంటిదేం లేదు. చెప్పడం మొదలుపెట్టింది. దిగిన రోజే వాన. రీయూనియన్‌లో సగంమందికి బట్టతలలు. బస్ స్టాండ్‌కి కొత్త రంగేశారు. మధ్యలో ఎవరో కొబ్బరి వెనిగర్ కొనడానికి వచ్చారు. లోర్నా వాళ్లను పంపించి తిరిగొచ్చి, "బస్ స్టాండ్ దగ్గర ఆగావు, తర్వాత?" అంది.

"ఆ. మా ఇంటి ఓనర్ బెలెన్ కొట్టు అక్కడే ఉంది."

"నిన్ను గుర్తుపట్టిందా?"

ఆ ప్రశ్నకు ఆమె జవాబు తయారు చేసుకోలేదు. సబ్బు చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"తెలీదు ఆటే. ఎనిమిదేళ్లుగా నేను ఫోన్ కూడా చేయలేదు."

లోర్నా అరలోంచి ఒక మిఠాయి పొట్లం తీసి, మార్కర్ మూత తీసి, ఏమీ రాయకుండా ఆ రెండూ దేదీప్య ముందు పెట్టింది.

ఆ పొట్లం ఇప్పుడు దేదీప్య ఫ్రిజ్ మీద ఉంది. బెలెన్ అని రాసి ఉంది. ఎప్పుడు వెళ్తుందో తెలీదు. ఫోన్ చేశావా అని నేను ప్రతి ఆదివారం అడుగుతున్నాను. ఇంకా లేదక్కా అంటోంది.