లైట్‌హౌస్‌లో పగటి తెరలు

1949 ఎండాకాలానికి నేను బందరు దిగువ తీరాన ఒక లైట్‌హౌస్‌లో సహాయకుడిగా చేరి ఆరు నెలలు. మాది నడిగూడెం దగ్గర పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. మా వాళ్లలో సముద్రాన్ని చూసిన మొదటివాణ్ణి నేనే.

లైట్‌హౌస్‌లో అసలు చాకిరీ పగటిది. దీపం చుట్టూ మనిషి ఎత్తున మందపాటి గాజు అద్దాలు. వాటిని స్పిరిట్‌తో, మెత్తటి తోలుతో రోజూ తుడవాలి. పొద్దు గుంకేదాకా గది చుట్టూ తెరలు వేసి ఉంచాలి.

ఒకరోజు మూడు దాటాక మా నాయన వచ్చాడు. కోదాడలో బస్సెక్కి, బెజవాడలో మారి, చివరి మూడు మైళ్లు ఇసుకలో నడిచాడు. మెట్లన్నీ ఎక్కి, ఆయాసం తీరకముందే వచ్చిన పని చెప్పాడు.

"సూర్యాపేటల గుమాస్తా కొలువున్నది. మాట్లాడొచ్చిన. రేపు పొద్దుగాల పోదాం."

"నాకిక్కడ పనున్నది నాయినా."

"ఏం పని? బుడ్డి తుడుసుడా? గది మీ అమ్మ గూడ చేస్తది. ఊరోళ్లు అడిగితే ఏం జెప్పాలె?"

మా ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. రమ్మంటే వెళ్లాల్సిందే. నాకేమో వెళ్లాలని లేదు.

ఆయన్ను బయటి వసారాలోకి తీసుకెళ్లాను. తీరం పొడుగునా పల్లెలు, సరుగుడు తోటలు, ఇసుక మీదికి లాగిన పడవలు.

"గింతమందికి నీదొక్కటే దీపమా?"

"ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉన్నయి. ఎన్ని క్షణాలకు ఒకసారి మెరవాల్నో ఒక్కోదానికి ఒక్కో లెక్క. ఆ లెక్కతోనే ఏ ఊరో పడవోళ్లకు తెలుస్తది."

"గొర్రె చెవికి గాటు పెట్టినట్టు," అన్నాడు. తర్వాత, "అయినా రేపు పోదాం," అన్నాడు.

లోపలికి వచ్చాం. తుడవడానికి ఒక అద్దం తలుపు తీసి ఉంది. ఆయన భుజం మీది గొంగడి తీసి, లోపల దీపం పెట్టే దిమ్మె మీద మడిచి పెట్టాడు. నేను స్పిరిట్ సీసా మూత బిగిస్తున్నాను.

"మనూరు ఏ దిక్కురా?" అంటూ పడమటి తెర పక్కకు లాగాడు.

ఏటవాలు ఎండ అద్దాల మీద పడింది. కాసేపటికే వెంట్రుక కాలిన వాసన. గొంగడి మీద పొగ. నేను పరుగున వెళ్లి తెర మూసి, చేతులతో అదిమి ఆర్పాను. అర్ధరూపాయంత చిల్లు పడింది.

ఆయన ఆ చిల్లులో వేలు పెట్టి చూశాడు.

"నిప్పేది?"

"ఎండే నాయినా. ఈ అద్దాలు ఎండను తెచ్చి ఒక్కతాన పోస్తయి. రాత్రయితే గట్లనే దీపం వెలుగును దూరంగ సముద్రం మీదికి పంపుతయి."

"తెర జారితే?"

"దీపం పాడైతది. ఆ రాత్రి పడవోళ్లకు దారి తెల్వదు."

కొంచెంసేపు అద్దాలను చూశాడు. ఈసారి దూరంగా నిలబడి చూశాడు.

"ఇదంత నీ చేతులనే పెట్టిన్రా?"

"పగలంతా నేనే చూస్త."

మర్నాడు ఒక్కడే బస్సెక్కాడు. ఆనాటి డైరీలో రాసుకున్నది ఒక్క ముక్కే: నాయన వెళ్లాడు, నేను ఉన్నాను.

తర్వాత సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ చెప్పింది. ఇంటికి రాకముందే సూర్యాపేట దాకా పోయి, ఆ కొలువు ఇంకెవరికైనా ఇచ్చుకొమ్మని చెప్పాడట. గొంగడికి చిల్లు కుడతానంటే ఆమెను ముట్టనియ్యలేదట. మందల కాడ కూర్చున్న వాళ్లందరి ముందు విప్పి, "ఏ నిప్పుతోని కాలిందో చెప్పున్రి సూద్దాం," అని అడుగుతున్నాడట. ఎవరూ చెప్పలేకపోతే తానే చెప్తున్నాడట.

"సాలిస్తవా ఇగ?" అని అమ్మ కసిరితే, "నీకేం తెలుసే, అంతంత అద్దాలు వాని చేతుల పెట్టిన్రు," అన్నాడట.