రెండు నాబ్‌ల పెట్టె

పులివెందుల మామకు పక్షవాతం వచ్చిందన్న కబురు మాకు జమ్మలమడుగులో తెలిసింది. ఒక పెళ్లి రిసెప్షన్‌కు స్టేజీ మీద వాద్యాలు సర్దుకుంటున్నాం అప్పుడు. ఆయన నాకు చుట్టం కాదు, మా మతాలు కూడా వేరు. కువైట్‌లో సంగీత వాద్యాలు అమ్మే దుకాణంలో మరమ్మతులు చేసేవాడు. సెలవు మీద ఊరికొచ్చినప్పుడల్లా ప్రొద్దుటూరులో మా ఆర్కెస్ట్రా రిహార్సల్ గదికి వచ్చి, గోడవార కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను గిటారిస్టుగా కొత్తగా చేరిన రోజులవి. పాట మధ్యలో తడబడితే అందరి ముందూ ఏమీ అనేవాడు కాదు. మిగతావాళ్లు టీకి బయటికి పోయాక నా గిటార్ అడిగి తీసుకుని, నేను తప్పిన ముక్కనే నెమ్మదిగా వాయించి చూపించేవాడు. మామా అని పిలవడం అప్పుడే అలవాటైంది. కువైట్ వదిలి పూర్తిగా పులివెందులకు వచ్చేశాక కూడా మా రాకపోకలు ఆగలేదు.

జబ్బు నుంచి మనిషి లేచాడు. కర్ర పట్టుకుని నడవడం, మాట్లాడటం, నవ్వడం అన్నీ తిరిగొచ్చాయి. ఎడమచేతి వేళ్లు మాత్రం రాలేదు. గిటార్ వాయించేవాడికి తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. కొన్ని నెలలు చూసి, ఒకరోజు ఫోన్ చేశాడు. ఒకసారి వచ్చిపో అప్పా, మా ఆడబిడ్డను కూడా తీసుకురా అన్నాడు. ఆడబిడ్డ అంటే నా భార్య, ఆమెను తన ఇంటి పిల్లలాగే పిలుస్తాడు. మా ఆర్కెస్ట్రాలో ఆమె గాయని. ఇద్దరం ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్లాం.

హాల్లో రెండు ఆంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఎలక్ట్రిక్ గిటార్‌కు సొంత గొంతు ఉండదు. తీగ మీటితే దోమ గీపెట్టినంత చప్పుడే వస్తుంది. దాన్ని పాటగా బయటికి వినిపించేది ఆ పెట్టే. ఇప్పుడు మాలాంటివాళ్లు వాడేవన్నీ చిప్పులతో పనిచేసేవి. మామ దగ్గరున్నవి పాతకాలపు రేడియోల్లో ఉండే వాల్వులవి. స్విచ్చి వేశాక లోపల గాజు బుడ్లు వేడెక్కి ఎర్రగా వెలిగితేనే శబ్దం వస్తుంది. ఆ శబ్దంలో ఒక వెచ్చదనం ఉంటుంది. దాన్ని మాటల్లో చెప్పమంటే నేను చెప్పలేను.

చిన్న పెట్టెకు ముందువైపు రెండే నాబ్‌లు. ఒకటి శబ్దం పెంచడానికి, ఇంకొకటి మొరటుగానో సన్నగానో మార్చడానికి. కువైట్ వెళ్లిన కొత్తలో, ఒకే గదిలో ఎంతోమందితో కలిసి ఉన్నప్పుడు కొన్నాడట. పెద్దది ఆయన చివరి సంవత్సరాల్లోది. దాని ముఖం నిండా నాబ్‌లే. నెమ్మది పాటకు ఒక దారి, గర్జించే పాటకు ఇంకొక దారి, వాటి మధ్య మారడానికి కాలితో నొక్కే స్విచ్చి, గుహలో వాయించినట్టు ప్రతిధ్వని ఇచ్చే ఏర్పాటు.

ఒకటి నాకు, ఒకటి తన కూతురికి అన్నాడు మామ. కూతురు అక్కడి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తండ్రి కువైట్‌లో ఉండగా వీడియో కాల్‌లోనే గిటార్ నేర్చుకుంది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, తన వేళ్లు కనబడేలా కూర్చునేదట. బయటివాళ్ల ముందు ఎప్పుడూ వాయించలేదు. సెలవుల్లో మామ ఉన్నప్పుడు తలుపు అవతలి నుంచి ఒకటి రెండుసార్లు విన్నాను నేను.

ముందు నువ్వు ఏరుకో అని నాతో అన్నాడు గానీ, నేను నోరు తెరిచేలోపే తనే తేల్చేశాడు.

“పెద్దది నువ్వు తీస్కో అప్పా. స్టేజీల మీద వాయించేటోనివి. పాప ఇంట్లో వాయించుకుంటాది, దానికి చిన్నది చాలు.”

ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది. పెద్ద స్టేజీకి పెద్ద పెట్టె, ఇంటికి చిన్న పెట్టె. అందులో ఆలోచించడానికి ఏముంది? అయినా ఆమె వైపు తిరిగి, నీకు సమ్మతమేనా అమ్మా అని అడిగాను. అబ్బ చెప్పినాడు కదా అన్నా, అంది తండ్రి వైపు చూసి. తర్వాత నన్ను పెట్టె దగ్గర కూర్చోబెట్టి ఏ నాబ్ ఏం చేస్తుందో వరసగా చెప్పుకుంటూ పోయింది. క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పింది. కొన్ని నాబ్‌లను చెప్పేటప్పుడు చూడకుండానే సరైన చోటికి తిప్పింది. అది నా కంటికి కనబడింది. మనసుకు మాత్రం పట్టలేదు.

పెద్ద పెట్టె ప్రొద్దుటూరుకు వచ్చిన మొదటి వారం నాకు పండగే. ఇంట్లో కూర్చుని తిప్పిన నాబ్ తిప్పకుండా తిప్పాను. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క అమరిక కుదిర్చి, గుర్తుకు చిన్న చిన్న రంగు కాగితాలు అంటించాను. మొదటి కార్యక్రమానికి దాన్ని ప్రొద్దుటూరులోనే ఒక కల్యాణమండపం మెట్ల మీదుగా ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. మా ఆర్కెస్ట్రా నడిపే పెద్దాయన దాన్ని చూసి సంతోషించి, జనానికి కనబడేలా స్టేజీ ముందువైపు పెట్టించాడు.

చిక్కు పాటలు మొదలయ్యాక వచ్చింది. ఇంట్లో చిన్న గదిలో కుదిరిన శబ్దం ఆ మండపంలో ముద్దముద్దగా వినబడింది. రేకుల కప్పు, నాలుగు వైపులా నున్నటి గోడలు. హాలే ప్రతిధ్వని ఇస్తుంటే నా పెట్టె దాని మీద ఇంకొంత పోస్తోంది. దాన్ని తగ్గించేసరికి శబ్దం బక్కచిక్కింది. బక్కచిక్కిందని ఇంకోటి పెంచితే కీచుమంది. ఈలోగా పాట అయిపోయి, తర్వాతి పాట వచ్చి పడేది. మా కార్యక్రమాల్లో పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత తెరిపి కూడా ఉండదు. పాత పాట వెనకే చిందులేసే పాట ఉంటుంది. నా భార్య మైకు పట్టుకుని నా మొదటి ముక్క కోసం ఎదురుచూస్తుంటే, నేను వంగి కాగితాల గుర్తులు వెతుక్కుంటున్నాను.

అలవాటైతే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఎర్రగుంట్లలో ఒక రిసెప్షన్, కమలాపురంలో ఒక నిశ్చితార్థం, మళ్లీ ప్రొద్దుటూరు. చేయి కొంచెం తిరిగింది, నిజమే. శబ్దం కూడా కొన్ని చోట్ల అద్భుతంగా వచ్చింది. కమలాపురంలో ఎవరో వచ్చి ఈ పెట్టె యాడ దొరుకుతుందని అడిగారు కూడా. నేను గర్వంగా పులివెందుల మామ పేరు చెప్పాను.

కమలాపురం నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, వంటింట్లో పప్పు కడుగుతూ, నా భార్య ఉన్నట్టుండి అంది:

“నేను పాడేటప్పుడు నువ్వు నా పక్క చూడ్డమే లేదు ఈ మధ్య. పెట్టె పక్కే చూస్తాండావు.”

నేను ఏదో సమాధానం చెప్పాను. ఆమె వాదించలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మేమిద్దరం దగ్గరైందే అలా. ఆమె పాట ఎత్తుకుని ఒక చోట ఊపిరి తీసుకుంటుంది. ఆ చిన్న ఖాళీలో నేను రెండు మూడు స్వరాలు పెడతాను. ఎక్కడ ఆగుతుందో ముందే అనుకునేది కాదు, ఆమె భుజం కదలికను బట్టి నాకు తెలిసేది. కొత్త పెట్టె వచ్చాక ఆ ఖాళీలు ఖాళీగానే పోతున్నాయని నేను గమనించలేదు. ఆమె గమనించింది.

అలాగని మామ ఇచ్చిన వస్తువును వెనక్కి ఇచ్చేయాలన్న ఆలోచన నాకు రాలేదు. మనిషి మంచంలోంచి లేచి, ఉన్నవాటిలో మేలైనది ఏరి చేతిలో పెట్టాడు. దాన్ని వద్దంటే ఏమనుకుంటాడు?

తర్వాత కొన్నాళ్లకు ఆయన్ను చూడటానికి నేనొక్కణ్నే పులివెందులకు పోయాను. వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపల గిటార్ వినబడింది. కూతురు వాయిస్తోంది. వాయించడం చక్కగా ఉంది గానీ శబ్దంలో జీవం లేదు. ఎండిన రొట్టెలా ఉంది. నన్ను చూసి ఆపేసింది. పెట్టె సరిగా పనిచేయడం లేదా అని అడిగాను. అది బాగానే ఉందన్నా, నేనే దాన్ని పలికించలేకపోతున్నా అంది.

తర్వాత ఆమే విడమరిచి చెప్పింది. వాల్వు పెట్టె గొంతు విప్పాలంటే దాన్ని గట్టిగా తోయాలి, అంటే వాల్వుల్లోకి వెళ్లే శబ్దాన్ని బాగా పెంచాలి. చిన్నదానికి శబ్దం పెంచే నాబ్ ఒక్కటే కాబట్టి, గొంతు విప్పేంత తోస్తే ఇల్లు అదిరిపోతుంది. మేడ మీద అద్దెకున్న వాళ్లకు పసిబిడ్డ ఉంది. పైగా జబ్బు చేసినప్పటి నుంచి మామకు పెద్ద చప్పుడు పడదు, తలలో పొడిచినట్టు ఉంటుందంటాడు. అందుకే ఎప్పుడూ తగ్గించే వాయిస్తుంది. పెద్దదానికైతే లోపల తోయడానికి ఒక నాబ్, బయటికి ఎంత రావాలో చెప్పడానికి ఇంకొకటి వేరుగా ఉన్నాయి. గొంతు పూర్తిగా విప్పించి, వినపడీ వినపడనట్టు వాయించుకోవచ్చు.

మేము అనుకున్నదంతా తలకిందులు. ఇల్లు కదా అని రెండు నాబ్‌లది ఆమెకిచ్చాం. ఆమెకేమో సాయంత్రాలు తీరిక ఉంది, ఒక్కొక్క నాబ్‌ను పట్టుకుని గంటసేపు వెతుక్కునే ఓపిక ఉంది, మెల్లగా పలికే గొంతు కావాలి. స్టేజీ కదా అని అన్నీ ఉన్నది నేను తీసుకున్నాను. నాకేమో తీరికే లేదు. గట్టిగా వాయిస్తే తిట్టేవాళ్లూ లేరు.

మామ లోపలి గదిలోంచి కర్ర తాటించుకుంటూ వచ్చి కూర్చున్నాక చెప్పాను. పెద్దది తెచ్చిస్తాను, చిన్నది నాకియ్యి మామా అని.

యాడన్నా చెడిపోయిందా అని అడిగాడు. లేదన్నాను. పాప ఏమన్నా అనిందా అన్నాడు. లేదన్నాను. నా భార్య అన్న మాట చెప్పాను. ఆయన తల వంచుకుని ఎడమ చేతిని కుడి చేత్తో నిమురుకున్నాడు.

“ఆ చిన్నది నా దగ్గర ఏమీ లేనప్పుడు కొన్నదప్పా,” అన్నాడు చివరికి. “దాన్ని నువ్వు నలుగుర్లో పెట్టుకుంటే ఏమంటారు? మామ ఇంతే ఇచ్చినాడంటారు.”

అప్పటిదాకా గడప దగ్గర నిలబడి ఉన్న కూతురు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“నాకు పెద్దదే కావాల్నని ఉన్నింది అబ్బా. నన్నెవరూ అడగలే.”

నేను అడిగాను గదా అని ఒక్క క్షణం నాలో నేను అనుకున్నాను. కానీ అంతా తేలిపోయాక, తండ్రి ఎదురుగా, మర్యాదకు అడిగింది అడగడం కాదు. మామ ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం కనబడలేదు. ఇన్నేళ్లు ఫోన్‌లో వేళ్లు చూపించిన పిల్ల ఎదిగి ముందు నిలబడితే, అప్పుడే చూసినట్టుంది. తెచ్చియ్యి అప్పా అన్నాడు నాతో.

వారం తిరక్కుండానే ఒక ఆటో మాట్లాడుకుని పెద్ద పెట్టెను తీసుకెళ్లాను. నా భార్య కూడా వచ్చింది. నేను అంటించిన రంగు కాగితాలన్నీ చూసి కూతురు నవ్వింది. ఒక్కొక్కటీ గోటితో గీకి తీసేసింది. స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా కూర్చున్నాం. ఆమె గిటార్ ఒళ్లో పెట్టుకుంది గానీ మా ముందు వాయించడానికి బిడియపడింది. అప్పుడు మామ తన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. నువ్వు పట్టు, నేను మీటుతా అన్నాడు.

ఆమె ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కింది. ఆయన కుడిచేత్తో మీటాడు. మొదట్లో కుదరలేదు. ఆమె పట్టు మార్చేలోపే ఆయన మీటేసేవాడు, లేదా ఆయన కోసం ఆమె ఆగిపోయేది. కాసేపటికి ఆమె పట్టు మార్చబోయే ముందు తల కొద్దిగా వంచడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని అందుకున్నాడు. మేడ మీద పసిబిడ్డ నిద్ర చెడనంత మెల్లగా, గది నిండేంత నిండుగా వచ్చింది శబ్దం. నా భార్య గొంతు కలపలేదు. తర్వాత నేనడిగితే, అది వాళ్లిద్దరిది, మధ్యలో నేనెందుకు అంది.

చిన్న పెట్టెతో మా మొదటి కార్యక్రమం జమ్మలమడుగులో జరిగింది. ఒంటి చేత్తో ఎత్తుకుని స్టేజీ ఎక్కాను. దాని ముందు ఒక మైకు పెట్టి మా పెద్ద స్పీకర్లకు కలిపాం. శబ్దం నాబ్‌ను సగానికి పైగా తిప్పి వదిలేశాను. మెల్లగా కావాలంటే తీగను మెల్లగా మీటడం, ఇంకా తగ్గాలంటే గిటార్ మీదున్న నాబ్‌ను చిటికెన వేలితో తిప్పడం. అంతకుమించి చేయడానికి దానిలో ఏమీ లేదు. చేయడానికి ఏమీ లేదు కాబట్టి తలెత్తి నా భార్యను చూశాను. ఆమె ఊపిరి తీసుకునే చోటు దొరికింది.

అన్నీ కలిసొచ్చాయని చెప్పను. గర్జించాల్సిన పాటల్లో అది చేతులెత్తేస్తుంది. అలాంటి ముక్కలను ఇప్పుడు కీబోర్డు వాయించే అతను అందుకుంటున్నాడు. ఆర్కెస్ట్రా పెద్దాయన కొన్నాళ్లు గొణిగాడు, పెద్దది ఉంటే స్టేజీకి కళగా ఉండేదని. ఆయన మాటలోనూ నిజం లేకపోలేదు. ఒక్కోసారి నాకూ ఆ ప్రతిధ్వని గుర్తొచ్చి, ఈ పాటలో అది పడితే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఒకటి ఎంచుకోవడమంటే ఇంకొకటి లేకుండా బతకడానికి ఒప్పుకోవడమేనని ఈ వయసులో తెలుసుకుంటున్నాను.

పులివెందులలో కూతురు ఇప్పుడు సొంతంగా చిన్న చిన్న బాణీలు కడుతోంది. వాటిని ఫోన్‌లో రికార్డు చేసి మాకు పంపుతుంది. పొద్దున టిఫిన్ తింటూ నేనూ నా భార్యా వింటాం. కొన్నిటిలో వెనక నుంచి మామ దగ్గు వినబడుతుంది. ఇంటికి ఎవరొచ్చినా, పెద్దది వానికే ఇచ్చినా, వాడే వద్దన్నాడు అని ఆయన చెప్తున్నాడట. చెప్పనీ.