పాత కుట్టు చిల్లుల్లో పచ్చపొడి

పాత మిలటరీ సామాను అమ్మే వ్యాపారి ఒకాయన నిన్న పొద్దున మా ఇంటికొచ్చి బల్ల మీద ఒక నవారు బెల్టు పెట్టాడు. బొటనవేలు తడిచేసి దాని మీద అదిమాను. తడి తగలగానే పాత నూలు వాసన, దాని వెనకే బంకమట్టిలాంటి వాసన లేచింది. ఆ వాసనకి బాపట్ల స్టేషన్ బయట చెప్పులు కుట్టే దేవదానం గారు గుర్తొస్తారు. 'గారు' అని ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజుల్లో అనలేదు. నాకంటే పాతికేళ్ళు పెద్దాయన్ని 'ఏం దేవదానం' అనేవాణ్ణి. ఆయన గోనెపట్టా మీద కూర్చుని నన్ను 'అండి' అనేవారు. అదే మర్యాదని మాకు నేర్పారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది అంగలకుదురు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అరవైల్లో తెనాలి రైస్ మిల్లులో పనిచేస్తూ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేలంలో జనంలోకొచ్చిన మిలటరీ బెల్టులూ సంచులూ పోగుచేయడం మొదలుపెట్టాను. వాటి బట్ట మంచాలకి అల్లే నవారులాంటిదే, ఇంకా మందం, ఇంకా బిరుసు. ఎవరికి కావలసినట్టు వాళ్ళు కోసి కుట్టుకునేవారు. ఏది అసలు కుట్టో, ఏది తర్వాత వేసిందో చెప్పే పుస్తకం నాకు దొరకలేదు. దేవదానం గారు దొరికారు. యుద్ధంలో ఆయన పనే పటాలం బూట్లూ సంచులూ బాగుచేయడం. మొదటిసారి ఒక బెల్టు ఇస్తే కళ్ళు మూసుకుని కుట్టు వెంబడే వేలు పోనిచ్చారు.

"ఇదంతా మిషను కుట్టండి. ఇక్కణ్ణించి చేతికుట్టు. ఎవరో లావుపాటాయన, నడుం చాలక అతుకేయించుకున్నాడు."

"మిలటరీలో లావుపాటి వాళ్ళుంటారా?"

"వంటోళ్ళు మిలటరీ కాదేంటండి?"

రెండేళ్ళలో నాకు కొమ్ములొచ్చాయి. ఆదివారాలు రేపల్లె స్టేషన్ ఎదుట టీకొట్టులో కూర్చుంటే పాత సామాను ఉన్నవాళ్ళు తెచ్చి చూపించేవారు. ఒక ఆదివారం ఆదెమ్మ అనే ఆవిడ వీపుసంచి తెచ్చింది. సముద్రం మీద చేపలవేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. భర్త వీరాస్వామి యుద్ధానికెళ్ళి, కుడి భుజానికి గుండు తగిలి తిరిగొచ్చాడట. ఆ చేత్తో వల లాగలేకపోయేవాడు. అది దొంగనొప్పి అనీ, యుద్ధం అంతా కట్టుకథ అనీ తోటివాళ్ళు అతను బతికినన్నాళ్ళూ ఎగతాళి చేశారు. అతను పోయాక, వల పట్టిన కొడుకుల్ని కూడా 'పనిదొంగ బిడ్డలు' అనేవారు. అన్నవాళ్ళలో కొందరు ఆ రోజు టీకొట్టులోనే ఉన్నారు.

"నువ్వు తెలిసినోడివంట. ఇది మిలటరీలో మోసిన సంచేనని వీళ్ళు వినేట్టు చెప్పు బాబూ," అంది.

అలాంటి సంచికి రెండు భుజాలకీ పట్టీలుండాలి. దీనికి కుడి భుజం పట్టీ విప్పేసి, దాన్నే నడుముకి చుట్టుకునేలా కింద కుట్టారు. చూడగానే తేల్చేశాను. "ఇది అసలైంది కాదమ్మా. ఎవరో తర్వాత మార్చి కుట్టారు. ఇలాంటివి సంతలో దొరుకుతాయి," అన్నాను, నలుగురికీ వినపడేలా. కొట్టు నిండా నవ్వు. ఆవిడ తిట్టలేదు. సంచి నా ఒళ్ళో పెట్టి, "అబద్ధమైతే నాకెందుకు? నువ్వే ఉంచుకో," అని వెళ్ళిపోయింది.

మార్పు కనిపెట్టిన గొప్ప చెప్పుకుందామని ఆ సంచి బాపట్ల తీసుకెళ్ళాను. దేవదానం గారు నేను చెప్పిందంతా విని, పట్టీ విప్పేసిన చోట ఖాళీగా ఉన్న చిల్లుల్లో సూది పెట్టి గీరారు. సూది మొన ఆకుపచ్చగా వచ్చింది.

"ఇదేంటండి?" అని నన్నే అడిగారు.

"నవారుకి రంగు నిలవాలని సైన్యంలో తడిపి రుద్దే పచ్చపొడి," అన్నాను.

"పట్టీ ఉన్నప్పుడు ఈ చిల్లుల నిండా దారం ఉంటది. దారం పీకినాకే పొడి లోపలికి పోయింది. రేపల్లెలో సంచికి పచ్చపొడి రుద్దేదెవరండి? పరేడుకి రుద్దుతారు. అంటే పట్టీ మార్చింది పటాలంలోనే. కుడి భుజం మీద బరువు ఆనని మనిషికి నాబోటోడెవడో కుట్టిచ్చాడు. ఇట్టాంటివి నేనూ కుట్టాను."

"ఆవిడకి కబురు పంపిస్తాను," అన్నాను.

"నలుగుర్లో అన్నారు గదండి. నలుగుర్లోనే చెప్పాలి."

"నువ్వు కూడా రా."

"నేనెందుకండి? అన్నది మీరు." అని సూది నా చేతికిచ్చారు.

మరుసటి ఆదివారం ఆదెమ్మని బతిమాలి అదే టీకొట్టుకి పిలిపించాను. పోయిన వారం నవ్విన వాళ్ళ ముందే, తప్పు నాదని చెప్పి, చిల్లులో సూది తిప్పి చూపించాను. అందరికంటే గట్టిగా నవ్విన ముసలాయన నా చేతిలో సూది తీసుకుని ఇంకో చిల్లు తనే గీరాడు. పచ్చటి మొన చాలాసేపు చూసి, తలగుడ్డతో తుడిచి, సూది నా చేతిలో పెట్టి బయటికి నడిచాడు. ఆదెమ్మ సంచి తీసుకుంది. "ఆయనున్నప్పుడు ఈ మాట ఒక్కరన్నా అనుంటే నాలుగు మెతుకులు నెమ్మదిగా తినేవాడు," అంది. నన్ను క్షమించానని అనలేదు. అనాలని కూడా ఎక్కడుంది?

ఆ వారమే బాపట్ల వెళ్ళి ఆయన పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను. "చెప్పాను, దేవదానం గారూ."

ఆయన తలెత్తలేదు. "ఆ సూది ఇటివ్వండి మరి. నాలుగు జతలు ఆగిపోయినయ్యి."

నిన్న వ్యాపారి తెచ్చిన బెల్టులో కొక్కెం నాలుగంగుళాలు లోపలికి జరిపి కుట్టి ఉంది. పాత కుట్టు చిల్లుల్లో పచ్చపొడి. ఎవరో బక్కచిక్కిపోయాడు, సైన్యంలో ఉండగానే.

"అసలుదేనాండి?" అన్నాడు వ్యాపారి.

"ఎవరింట్లో తెచ్చావు?"

"అంగలకుదురులో ఒక ముసలావిడ దగ్గరండి."

"ఆవిడకేం చెప్పి తెచ్చావు?"

"'ఇది మార్చి కుట్టిందమ్మా, పనికిరాదు' అన్నానండి."

బెల్టు చుట్టి అతని చేతిలో పెట్టాను. తోలు కుట్టే సూది ఒకటి జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాను.

"పద, వాళ్ళింటికి. నువ్వే చెబుదువుగాని."