అమ్మకానికి టాపులేని కారు

నిన్న పొద్దున మా అమ్మాయి ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. బాగుచేసిన పాత అమెరికా కారు, టాపు వెనక్కి మడిచేది, అమ్మకానికి ఉందట. అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మావయ్య పోయి ఇంకా నెల తిరగలేదు.

డెబ్బైల చివర నాకు తణుకులో టీచరు ఉద్యోగం వచ్చి, మావయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. ఆయనకు పంపుసెట్లు బాగుచేసే షాపుండేది. పిఠాపురం వైపు ఒక పాత దివాణంలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఇలాంటి కారునే లారీ మీద తెచ్చుకుని, ఆదివారమన్నది లేకుండా ఏళ్ల తరబడి దాని కింద దూరి, చివరికి నడిపించాడు. అది నడిచాక ఆయనకు ఉన్న నిలకడ కూడా పోయింది. అన్నం మధ్యలో లేచి వెళ్లి బానెట్ ఎత్తి చూసేవాడు. అత్తయ్య విసిగిపోయి అమ్మేయమంది. ఆయన ఒప్పుకున్నాడు. అది చేయి దాటిపోయేలోగా ఒక్కసారి ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని వేగంగా నడపాలని మాత్రం ఆయన కోరిక. ఆవిడ ససేమిరా అంది. మా వైపు టాపులేని కారెక్కేది పెళ్లి ఊరేగింపులో కొత్త దంపతులే. యాభై దగ్గరపడుతుండగా అందులో కూర్చుంటే వీధంతా నవ్వుతుందని ఆవిడ భయం.

కొనడానికి జంగారెడ్డిగూడెం నుంచి, పెళ్లి సామాన్లు అద్దెకిచ్చే షావుకారు వచ్చాడు. ఊరేగింపు నడకన వెళ్తే ఇంజను ఎలా ఉంటుందో చూడాలన్నాడు. వెనక సీట్లో ఇద్దరి బరువు కూడా ఉండాలట. అమ్ముడైతే చాలనుకుని అత్తయ్య నన్ను లాక్కుని ఎక్కింది, కొంగు కప్పుకుని తల దించుకుంది. మావయ్య నడుపుతుంటే, షావుకారు చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడుస్తూ నాలుగడుగులకోసారి ఆగేవాడు.

"మేళం ఆగినచోటల్లా కారూ ఆగాలి కదండీ," అన్నాడు.

ఎదురింటి ముసలావిడ అరుగు మీంచే అడిగింది: "పెళ్లికొడుకుని ఇంట్లో మర్చిపోయారేంటమ్మా?"

రెండో సందు దాటేసరికి వేడి చూపించే ముల్లు చివరికంటా వెళ్లింది. గాలి తగలకపోతే ఇది ఊరుకోదని చెప్పి, మావయ్య షావుకారును పక్కకు తప్పుకోమని, కారును కాలవగట్టు రోడ్డెక్కించి వేగంగా వదిలాడు. అత్తయ్య కొంగు ఎగిరిపోయింది. ఆపమని కేకేసింది. ఆపాడు. తిట్లు తినడానికి సిద్ధపడి, వెనక్కి తిరగకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ దిగి, ముందు తలుపు తీసి, ఆయన పక్కన కూర్చుంది.

"ఎలాగూ ఊరంతా చూసేసిందండీ. ఇంకొంచెం దూరం పోనివ్వండి."

తిరిగొచ్చేసరికి షావుకారు మా అరుగు మీద మజ్జిగ తాగుతున్నాడు. కారు నచ్చిందనీ, ఇంజను వేడెక్కితే నలుగురిని పెట్టి తోయించుకుంటాననీ చెప్పి, మర్నాడే పట్టుకెళ్లాడు. మావయ్య చాలా రోజులు ఖాళీ షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగాడు. బాగుచేయడానికి పట్టిన ఏళ్ల గురించి మాత్రం తర్వాతెప్పుడూ మాట్లాడలేదు. అత్తయ్య పోయాకా, తను పోయే ముందు వారంలోనూ ఆయన చెప్పింది కాలవగట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్న ఆ అరగంట గురించే. బతికిన కాలంలో మనిషికి మిగిలేది చాలా కొంచెం. ఆయనకు మాత్రం అది సరిపోయినట్టే ఉంది.