ఎల్ఫుల రాజుది ఏ ఊరు?

ఆ రోజుల్లో మా వైపు బస్సులో సీటు దొరకడం కంటే పక్క సీటువాళ్ళ ప్రశ్నలు తప్పించుకోవడం కష్టంగా ఉండేది. ఇప్పుడంటే ప్రతి చెవిలోనూ ఒక వైరు, ప్రతి చేతిలోనూ ఒక ఫోను, ఎవరి లోకం వాళ్ళది. అప్పట్లో మదనపల్లె బస్టాండులో ఎక్కి సంచి ఒళ్ళో పెట్టుకునేలోపే పక్కన కూర్చున్న పెద్దావిడ మొదలుపెట్టేది. "ఏ ఊరమ్మా మీది? ఎవరి బిడ్డవు? యాడికి పోతాండావు? ఒక్కదానివే యాల పోతాండావు?" కండక్టరు కూడా టికెట్టు చింపబోతూ ఆగి, జవాబు విని గానీ కదిలేవాడు కాదు. పుంగనూరు చేరేసరికి మా ఇంటిపేరు, మా బోరు లోతు, మా నాయన మోకాళ్ళ నొప్పి మొత్తం బస్సుకు కంఠతా వచ్చేసి ఉండేవి. ఇదంతా ఆప్యాయత అని ఇప్పుడంటాను. అప్పుడు మాత్రం ఆ ప్రశ్నలంటే నాకు ఒళ్ళు మండేది. నిజం చెప్పాలంటే భయం వేసేది.

భయానికి కారణం ఉంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బీఎడ్డు అయిపోయాక, నాకొక సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్నారు. తంబళ్లపల్లె దగ్గర మా పల్లెలో చెనిక్కాయలు, అదే వేరుశనగలు, వలిచే ప్రతి అరుగు మీదా నా పెళ్ళి ముచ్చటే. తర్వాత ఏమైందో ఏమో, మగపెళ్ళివాళ్ళు వద్దని కబురు పంపారు. కారణం చెప్పలేదు. వాళ్ళు చెప్పలేదు కాబట్టి ఊరు తలా ఒక కారణం తయారు చేసుకుంది. నీళ్ళకు పోతే "ఏమ్మే, పెండ్లి యాల నిలిచిపాయె, ఏం కారణం?" అంగడికి పోతే "యాల నిలిచిపాయె?" మా గొర్రెలు అడగలేదన్న మాటే గానీ, వాటి చూపు కూడా నాకు అలాగే కనిపించేది. అడిగినవాళ్ళ నోట్లో మాట పూర్తయ్యేలోపే నేను బిందె ఎత్తుకుని పరుగు. "ఎవరూ ఏమీ అడగని ఊరికి పోతా" అని ఒకరోజు అమ్మతో అన్నాను. "అట్లాంటి ఊరు యాడుండాది తల్లీ?" అంది అమ్మ. పుంగనూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఉద్యోగం దొరికింది. అదే ఆ ఊరనుకుని బట్టలు సర్దుకున్నాను.

ఆ విషయంలో పుంగనూరు మా పల్లెకు తీసిపోలేదు. పాలు పోసే ఆమె నుంచి ఆటో అబ్బాయి దాకా అందరిదీ అదే ప్రశ్న. నేను "మదనపల్లె అవతల" అని ఊరుకునేదాన్ని (మదనపల్లె అవతల ఢిల్లీ కూడా ఉంది, అబద్ధం కాదు కదా). నాతో గది పంచుకున్న సైన్సు టీచరుది కుప్పం. నాకన్నా పెద్దది కాబట్టి సైన్సక్క అనేదాన్ని. "నీ పేరు రేషన్ కార్డులోనైనా ఉండాదా, ఆడ కూడా దాపెట్టినావా?" అని రోజూ నన్ను ఎగతాళి చేసేది. నేను ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. అడిగితే తిరిగి అడుగుతారని ఎవరినీ ఏమీ అడిగేదాన్నీ కాదు.

మా కరస్పాండెంటు గారు అంతకుముందు నూనె మిల్లు నడిపిన మనిషి. బడి ఆవరణలో తెలుగు వినిపిస్తే సహించేవారు కాదు. "ఇంగ్లీషులో మాట్లాడండప్పా!" అని అరిచేవారు, తెలుగులో. ఆ ఏడు వార్షికోత్సవానికి నన్ను పిలిపించారు. "మేడమ్, ఇంగ్లీషులో ఒక డ్రామా వేయించల్ల. సూసినోళ్ళకు ఒక్క ముక్క అర్థం కాకూడదు, అంత బాగుండల్ల. బాగా జరిగితే వచ్చే ఏడు కూడా మీరు ఈడే ఉంటారు. లేదంటే సూద్దాం" అన్నారు. ఆ "సూద్దాం" మాటకు అర్థం బడిలో అందరికీ తెలుసు. నాకైతే దాని అర్థం మా ఊరి బస్సు, మా ఊరి అరుగులు, మళ్ళీ ఆ ప్రశ్న.

బడి లైబ్రరీ అనబడే బీరువాలో ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఉండేది. దాంట్లో ఒక పేజీలో ఎల్ఫులనే వాళ్ళ బొమ్మ. పొడవాటి వెండి జుట్టు, కొనదేలిన చెవులు, చుట్టూ అడవి, పొగమంచు. కథ కాగితాలు ఎప్పుడో చినిగిపోయాయి, కాబట్టి కథ నేనే రాశాను. ఎవరికీ కనిపించని ఒక ఎల్ఫుల రాజ్యం. అందరూ మంత్రవేత్తలే. ఒకరి జోలికి ఒకరు పోరు. వాన కురిపిస్తారు, జబ్బులు నయం చేస్తారు, కానీ ఎవరూ ఎవరి పేరూ అడగరు, ఎవరూ తన పేరు చెప్పరు. పేరు చెప్పిన క్షణం పొగమంచు విడిపోతుంది, మంత్రం పోతుంది. దారి తప్పి వచ్చిన ఒక వ్యాపారి ఆశ్రయం ఇచ్చిన రాజునే "మీ పేరేమిటి?" అని అడుగుతాడు. రాజు అతన్ని రాజ్యం నుంచి వెళ్ళగొడతాడు. రాసుకుంటూ ఉంటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. నేను పోదామనుకున్న ఊరు అదే. బస్సు లేదంతే.

రాజు వేషానికి ఐదో తరగతి పిల్లవాణ్ణి తీసుకున్నాను. గొంతు బాగుంటుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. "పేరు మాత్రం ప్రాణం పోయినా చెప్పకూడదు" అంటే, ఆ రోజు నుంచి హాజరు పిలిచినా పలకడం మానేశాడు. ఇక మిగిలింది బట్టలు. మదనపల్లెలో నాటకాల సామాను అద్దెకిచ్చే అంగడికి నేనూ సైన్సక్కా వెళ్ళాం. అంగడాయన కళ్ళద్దాలు పైకి తోసి, "ఏం ఆటమ్మా? పద్మవ్యూహమా, కీచకవధా?" అన్నాడు. ఎల్ఫుల కథ అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "వాళ్ళు ఏ పర్వంలో వస్తారమ్మా?" అని అడిగాడు. సైన్సక్క ఏమాత్రం తడుముకోకుండా "అరణ్యపర్వంలో" అంది. "అట్ల సెప్పండి" అని ఆయన సంతోషంగా లోపలికి వెళ్ళి కిరీటాలు, భుజకీర్తులు, పూసల హారాలు ఒక ట్రంకు పెట్టె నిండా తెచ్చిపెట్టాడు. వెండి జుట్టు లేదట. ధర్మరాజు సవరం ఉందట. ఇంకో దారి లేక తెచ్చుకున్నాం. అట్టతో కొనదేలిన చెవులు చేసి బంగారు కాగితం అంటించాం.

వార్షికోత్సవం రోజు సాయంత్రం రాజు వచ్చాడు. నున్నటి గుండుతో, దాని మీద చందనంతో. "తిరుపతికి పోయొచ్చినాం మిస్, మొక్కు ఉండె" అంది వాళ్ళమ్మ. గుండు మీద సవరం నిలిస్తే కదా! అటు కడితే ఇటు జారుతోంది. నా ముఖం చూసి ఆమే ఓదార్చింది. "ఏం కాదులే మిస్. గుండయితే చెవులు ఇంకా బాగా కనిపిస్తాయి." ఆ మాటా నిజమే.

బడి ముందు వేసిన పందిట్లో తెర లేచింది. పొగమంచు కోసం నేను పక్కనుంచి సాంబ్రాణి పొగ వేయించాను. అక్కడే మొదటి పొరపాటు. ముందు వరుసలోని ఆడవాళ్ళు చెప్పులు విప్పి పొగ కళ్ళకద్దుకున్నారు. పొగలోంచి కిరీటం, భుజకీర్తులతో గుండు రాజు వచ్చి నిలబడగానే వెనక ఎవరో గోవింద కొట్టారు. రెండో పొరపాటు మా వైపు వాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. మా పల్లెల్లో భారతం ఆడేటప్పుడు ఏ వేషమైనా ఊరికే వచ్చి మాట్లాడకూడదు. ఇద్దరు అడ్డంగా గుడ్డ పట్టుకుంటారు. దాని పైన కిరీటం మాత్రం కనిపిస్తుంది. హాస్యం చేసే కోమాళి దగ్గరికి పోయి, "అయ్యా, తమరెవరు? ఏ దేశం? ఎవరి కుమారులు?" అని అడుగుతాడు. వేషగాడు తన పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాకే గుడ్డ దించుతారు, కథ నడుస్తుంది. భుజకీర్తులు చూశాక జనం అదే ఆశించారు. మా రాజేమో ఛాతీ విరిచి, "వియ్ టెల్ అవర్ నేమ్స్ టు నో వన్!" అన్నాడు.

ఒక పెద్దాయన లేచి, "ఎవరప్పా నువ్వు? పేరు సెప్పు" అన్నాడు. రాజు మళ్ళీ అదే డైలాగు చెప్పాడు. "మర్సిపోయినాడు పాపం" అన్నారెవరో. "భీముడా? భీముడైతే గద యాడ?" అని ఇంకెవరో. రాజు మైకు దగ్గరికి వచ్చి, ఇంగ్లీషు మర్చిపోయి, "నేను సెప్పను. మిస్ సెప్పొద్దన్న్యాది" అన్నాడు. వాళ్ళమ్మకు ఇక ఆగలేదు. బిడ్డ పరువు పోతోందనుకుంది. కుర్చీ మీదికెక్కి వాడి పేరు, వాళ్ళ నాయన పేరు, చౌడేపల్లె పక్కన వాళ్ళ పల్లె పేరు గట్టిగా అరిచి చెప్పేసింది. అది చూసి మిగతా తల్లులు ఊరుకుంటారా? నలుమూలల నుంచీ పేర్లు, ఊర్లు. నేను అన్నాళ్ళూ దాచిపెట్టిన రాజ్యం చిరునామాతో సహా బయటపడింది. సరిగ్గా అప్పుడే సాంబ్రాణి అయిపోయి పొగ విడిపోయింది. "మంత్రం పోయె మిస్!" అని రాజు వెక్కి వెక్కి ఏడ్వడం మొదలుపెట్టాడు. మంత్రవేత్తలందరూ వంత కలిపారు. నా కళ్ళ ముందు మా ఊరి బస్సు కదిలింది.

కరస్పాండెంటు గారు ముందు వరుసలోంచి లేచారు. అయిపోయింది, ఇక్కడే పంపించేస్తారు అనుకున్నాను. ఆయన స్టేజీ ఎక్కి, ముఖ్య అతిథికి కప్పడానికి తెచ్చిన శాలువా లాక్కుని, సైన్సక్కకు ఒక కొస, డ్రిల్లు మాస్టారుకు ఒక కొస ఇచ్చి, రాజు ముందు అడ్డంగా పట్టించారు. పంచె ఎగ్గట్టి, ఒంటికాలి మీద గిర్రున తిరిగారు. "అయ్యా, తెర వెనక తళతళా మెరిసే గుండు సామీ! తమరెవరు? ఏ దేశం? ఎవరి కుమారులు?" జనం ఒక్కసారిగా ఈలలు వేశారు. ఆయన వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల భారతాల్లో కోమాళి వేషం కట్టేవారట. ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప (నేను ఎవరినీ ఏమీ అడిగేదాన్ని కాదు కదా). రాజు ఏడుపు ఆపి నా వైపు చూశాడు. చెప్పమంటే నా రాజ్యం అక్కడితో సరి. వద్దంటే ఆ పిల్లవాడు జనం ముందు అలాగే నిలబడాలి. నేను తల ఊపాను. వాడు కన్నీళ్ళు తుడుచుకుని పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, అడగకపోయినా వాళ్ళ ఆవు పేరు కూడా చెప్పాడు. శాలువా దించారు. పందిరి దద్దరిల్లింది. ఒక్కొక్క మంత్రవేత్తా వరసగా వచ్చి తన పేరు చెప్పుకున్నాడు. అదే డ్రామా. అందరికీ ప్రతి ముక్కా అర్థమైంది.

అంతటితో ఆగితే బాగుండేది. భారతం నేర్పిన వాద్యారును కూడా చివర్లో పిలిపించడం మర్యాద. "వాద్యారును పిలవండప్పా!" అని కేకలు. సైన్సక్క నన్ను చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది. నా ముందు శాలువా పట్టారు. "తల్లీ, తమరెవరు? ఏ దేశం? ఎవరి కుమార్తెలు?" "మదనపల్లె అవతల" అన్నాను. "మదనపల్లె అవతల శానా ఉండాది తల్లీ!" అన్నారు కోమాళి గారు. జనం నవ్వారు. కళ్ళు మూసుకుని నా పేరు, మా నాయన పేరు, మా పల్లె పేరు చెప్పేశాను. శాలువా దిగింది. మూడో వరుసలోంచి ఒక ముసలవ్వ లేచి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "ఆ ఊరి పిల్లవా? పెండ్లి నిలిచిపాయనే, ఆ పిల్లవేనా?" అంది.

దేనికోసం అంత దూరం పారిపోయి వచ్చానో అది మైకులు పెట్టిన చోట నన్ను పట్టుకుంది. ఈసారి ఎత్తుకుని పరుగెత్తడానికి చేతిలో బిందె లేదు. "అవునవ్వా" అన్నాను. అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "బతికిపోయినావు తల్లీ! ఆ మగపెండ్లోళ్ళ ఇల్లు మాకు తెలీదా? ఆ ఇంట్లో కోడలు కాఫీ తాగల్లన్నా అత్తనడగల్ల. మేమంతా మంచిదాయె అనుకున్న్యాం." కరస్పాండెంటు గారు కోమాళి గొంతు వదలకుండా, "ఈయమ్మకేం తక్కువ అవ్వా, ఇంతమంది మంత్రగాళ్ళను ఏలతాండాది!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆపుకోలేనంతగా. తర్వాత స్టేజీ వెనక్కి పోయి ఏడ్చాను. ఊళ్ళో నన్ను అడిగినవాళ్ళలో ఎంతమంది నోట్లో ఈ రెండో మాట ఉండిందో నాకు తెలీదు. నేను ఎప్పుడూ మొదటి మాటకే బిందె ఎత్తుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక సైన్సక్కకు అంతా చెప్పాను. ఆమె మధ్యలోనే నిద్రపోయింది.

మరుసటి ఏడు కూడా నేను ఆ బడిలోనే ఉన్నాను. ఆ మాటకొస్తే ఇప్పటికీ పుంగనూరులోనే ఉన్నాను (పెళ్ళయింది. ఎవరితో, ఎప్పుడు అని అడక్కండి. నా పేరూ ఇక్కడ చెప్పడం లేదు. పాత రాజ్యం అలవాట్లు పూర్తిగా పోవు). మొన్న మదనపల్లెలో బస్సెక్కితే నా పక్కన ఒక అమ్మాయి, చెవుల్లో వైర్లు, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. సంచి ఒళ్ళో పెట్టుకునేలోపే నా నోరు ఊరుకోలేదు. "ఏ ఊరమ్మా మీది?" ఒక చెవిలో వైరు తీసి, "పలమనేరు అవతల ఆంటీ" అంది. మళ్ళీ పెట్టేసుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఏమనుకుంటుందోనని సంచిలోంచి ఉడికించిన చెనిక్కాయలు తీసి ఒళ్ళో పరిచాను. కాసేపటికి ఒక కాయ తీసుకుంది, తర్వాత ఇంకొకటి. రెండో ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. పుంగనూరు ఇంకా రాలేదు కదా, చూద్దాంలే అనుకుని నేనూ ఒక కాయ వలుచుకున్నాను.