క్వారీ ఊరి తాపీమేస్త్రి

రాతి క్వారీ తెరిచిన ఏడాదే తాపీమేస్త్రి భార్యను వెంటబెట్టుకుని ఆ గుట్ట కిందికి వచ్చాడు. అప్పుడక్కడ ముళ్లపొదలు తప్ప ఏమీ లేవు. పదేళ్లలో నలభై ఇళ్లు లేచాయి. సగానికి పైగా ఆయన చేతివే. ఆమె మట్టి తొక్కి అందించేది. గోడ కాస్త వంకరగా కనబడితే చాలు, "తాగింది గోడా, నువ్వా?" అని నవ్వేది.

అందరికీ అది క్వారీ ఊరు. కాగితాల మీద మాత్రం ఊరే కాదు. పక్కనున్న తూర్పు ఊరి పంచాయతీని అడిగితే పడమటికి పొమ్మనేది, పడమటి పంచాయతీ తూర్పుకు. రెంటికీ చెడ్డ రేవడిలా రోడ్డూ రాలేదు, కుళాయీ రాలేదు. క్వారీ లారీలే నీళ్లు తెచ్చేవి గనుక ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు.

ఒక ఏడాది క్వారీ అడుగున ఊట తగిలింది. ఎన్ని మోటార్లు పెట్టినా నీళ్లు ఆగలేదు. యజమాని యంత్రాలు ఎత్తుకెళ్లాడు, వెనకే జనం కదిలారు. పోయేవాళ్లు తలుపులు, రేకులు విప్పించడానికి మేస్త్రినే పిలిచారు.

"కట్టింది నువ్వేగా బాబాయ్, ఏ మేకు ఎక్కడుందో నీకే తెలుసు," అన్నాడు రాయికి బెజ్జాలు వేసే డ్రిల్లరు.

మేస్త్రి ఒక్కొక్కటే విప్పాడు. ఇంటికొచ్చి అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

"మనమూ పోదామే."

"మళ్లీ మొదట్నుంచీ మట్టి తొక్కే ఓపిక నాకు లేదయ్యా."

ఆ వానాకాలం ఆమెకు గుండెనొప్పి వచ్చింది. ఫోన్ చేస్తే అంబులెన్సువాళ్లు ఊరి పేరు అడిగారు. ఆ పేరు వాళ్ల జాబితాలో లేదు. తూర్పు ఊరి పక్కనే అని చెబితే, బండి ఆ ఊరంతా తిరిగి తిరిగి వచ్చేసరికి ఆమె పోయింది.

మరణపత్రం కోసం తూర్పు పంచాయతీ ఆఫీసుకెళితే గుమాస్తా అడిగాడు. "నివాసం?"

"క్వారీ ఊరు."

"అలాంటిది లేదు పెద్దాయనా. తూర్పు ఊరని రాస్తా."

"ఆమె అక్కడ ఒక్క పూటైనా లేదు బాబూ."

"ఎక్కడో ఒకచోట ఉన్నట్టు రాయాలిగా!"

వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. మేస్త్రి తలూపాడు.

తర్వాత పరామర్శకు వచ్చిన డ్రిల్లరుతో ఆ మాటే చెప్పి ఏడ్చాడు. "ఎందుకు తలూపానో తెలీదురా. అదే ఆమైతే ఆ గుమాస్తాను వదిలేదా?"

"ఒక్కడివే ఏముంటావు? మా ఇంటికి వచ్చెయ్ బాబాయ్."

"నేనూ వచ్చేస్తే ఇక్కడెవరూ ఉండరు."

"ఉండి ఏం చేస్తావు?"

డ్రిల్లరు సాయంత్రం దాకా పక్కనే కూర్చుని, తూర్పు ఊరిదాకా నడిచి ఆఖరి బస్సెక్కి వెళ్లిపోయాడు.