ఉల్లి ఎరగని ఇల్లు

అచ్యుతరామారావుగారి ముక్కు గురించి బెజవాడ సత్యనారాయణపురంలో చెప్పుకునేవాటిలో సగం అబద్ధాలు. మిగతా సగం మాత్రం పచ్చి నిజాలు. కంకిపాడులో ఎవరో ఉల్లిపాయల మూట విప్పితే బెజవాడలో ఆయన తుమ్మేవారు. ఒకసారి రైల్లో, పై బెర్తు మీద పడుకున్నవాడు ముందురోజు మధ్యాహ్నం ఉల్లిపాయ పెరుగుపచ్చడి తిన్నాడని కనిపెట్టి, తెనాలి రాకముందే పెట్టె మారిపోయారు. టీసీ ఆ ముక్కుకి దణ్ణం పెట్టి టికెట్టు అడక్కుండానే వెళ్ళిపోయాడు. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు కూడా ఆయన చేతే పురాణం చెప్పించుకున్నారు. అంత నిష్ఠాపరుడు కృష్ణకి ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు మరి!

ఆ ముక్కుకి ఒకటే బలహీనత. పొద్దు వాలేసరికి అది పెద్దరోడ్డు మీద పకోడీల బండి దగ్గరికి నడిచివెళ్ళేది. దాని వెనకాలే మనిషీ వెళ్ళేవారు. పొట్లం ఖాళీ అయ్యాక బుగ్గన లవంగం పెట్టుకుని ఇంటికొచ్చేవారు.

ఈ సంగతి ఆయన భార్య శాంతకుమారికి పెళ్ళైన మొదటి ఏడే తెలిసింది. లవంగం నోటిని కాపాడుతుంది గానీ చొక్కాని కాపాడదు కదా. అయినా ఆవిడ అడగలేదు. మగాడు బయట తిన్నది ఇంటి లెక్కలోకి రాదు. ఈ రూలు ఏ శాస్త్రంలోనూ కనపడదు. కృష్ణా జిల్లాలో ప్రతి వంటింటి గోడ మీదా మాత్రం ఉంటుంది, ఆడవాళ్ళకి మాత్రమే కనపడే అక్షరాల్లో.

ఇంట్లోకి ఉల్లి రాకూడదు. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆయన గొంతు తగ్గించి చెప్పారు.

"అమ్మకి పడదు శాంతా. వాసన తగిలితే చాలు, ఆ పూట అన్నం మానేస్తుంది. ఆ పైన నీ ఇష్టం."

"నీ ఇష్టం" అన్నాక ఇంక ఇష్టానికి చోటెక్కడుంటుంది?

శాంతకుమారి పుట్టింది ఉయ్యూరులో. తండ్రి చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా. చెరకు ఆడే రోజుల్లో ఊరంతా మడ్డి వాసన కమ్ముకునేది. ఒక వాసనని కొట్టాలంటే ఇంకో వాసనే కావాలని వాళ్ళమ్మ మూకుడు పెట్టి ఉల్లి పకోడీ వేసేది. ఆ ఘుమఘుమకి చెరకు బండి ఎడ్లు ఫ్యాక్టరీ దారి మరిచిపోయి వాళ్ళ గుమ్మం ముందు ఆగేవి. అలాంటి ఇంటి పిల్ల కోరుకున్నది నగలు కాదు, కాశీయాత్ర కాదు. తన ఇంట్లో తను కూర్చుని, వేడివేడిగా, కడుపునిండా ఉల్లి పకోడీ తినడం. అంతే.

అంత చిన్న కోరిక తీరకపోతే చిన్నదిగా ఉండిపోదు. పులుస్తుంది. ఆ పులుపంతా అత్తగారు సీతమ్మగారి మీదకే పోయింది. ఉయ్యూరు వెళ్ళినప్పుడల్లా "మా అత్తగారు మనిషి కాదర్రా" అని మొదలెట్టేది. ఏటికేడాదీ ఆ కథకి కోరలూ కొమ్ములూ మొలిచాయి. చివరికి ఉయ్యూరులో ఆ వీధి పిల్లలు అన్నం తినకపోతే "సీతమ్మొస్తోంది" అంటే చాలు, కంచం కూడా నాకేసేవారు.

ఆ సీతమ్మగారు ఇప్పుడు ఎనభై దాటి, తుంటి విరిగి, చూపు మసకబారి, హాల్లో మంచం మీద ఉన్నారు.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న శాంతకుమారి కూతురు శాంభవి, నాన్నకి కొలెస్ట్రాల్ అని డాక్టరు చెప్పగానే నూనె లేకుండా వేడిగాలితో వేపే ఎయిర్ ఫ్రయర్ కొని పంపింది. ఫోన్ చేసి, "అమ్మా, దీంట్లో ఉల్లి పకోడీ ఎంత బాగా వస్తుందో!" అంది.

"ఉల్లా? బామ్మ ఉండగానా?"

"నూనె మూకుడు లేదు, పొగ లేదు. బాల్కనీలో వాషింగ్ మెషిన్ ప్లగ్గు ఉందిగా, దానికి పెట్టేసుకో. బాల్కనీ అంటే ఇల్లెలా అవుతుందే? బయటే!"

బయటే. ఆ మాట శాంతకుమారికి నచ్చింది. మొగుడికి రోడ్డంత బయట ఉన్నప్పుడు తనకి బాల్కనీ అంత బయట ఉండకూడదా?

అచ్యుతరామారావుగారు గుళ్ళో పురాణానికి వెళ్ళిన సాయంత్రం, బట్టల సబ్బు సంచీలో దాచిన ఉల్లిపాయలు బయటికొచ్చాయి. తరుగుతుంటే ఇన్నేళ్ళ కళ్ళనీళ్ళకీ ఒక సాకు దొరికింది. చేతికి పాత అలవాటే వచ్చింది. అమ్మలాగే నీళ్ళు చిలకరించి, శనగపిండి జారుగా కలిపి, మూకుట్లోకి వదిలినట్టే దాని చిల్లుల బుట్టలోకి వదిలింది. మూకుట్లో నూనె ఉంటుంది, తేలుస్తుంది. ఇందులో ఉన్నది గాలి. గాలిలో తేలడం పురాణాల్లో ఋషులకే చెల్లింది. పిండంతా బుట్ట చిల్లుల్లోంచి కారి అడుగున మాడింది. పైన మిగిలింది ఇంటి పెంకు.

రెండోసారి ఆవిడ తొందరపడలేదు. ఉల్లి సన్నగా పొడుగ్గా తరిగి, ఉప్పేసి నలిపి, దాని నీరు అదే వదిలేదాకా ఊరుకుంది. చుక్క నీళ్ళు పోయలేదు. ఆ తడికే శనగపిండి, గుప్పెడు బియ్యప్పిండి, పచ్చిమిర్చి, కరివేపాకు, చెంచా నూనె. పొడిపొడిగా విడదీసి బుట్టలో పలచగా పరిచి, మధ్యలో ఒకసారి ఎగరేసింది. బుట్ట లాగేసరికి అంచులు ఎర్రగా, గలగలమంటూ పకోడీలు.

ఒకటి నోట్లో వేసుకుందో లేదో, హాల్లోంచి కేక.

"శాంతా! ఏవిటే ఆ వాసన?"

"కింద ఫ్లాటు వాళ్ళు అత్తయ్యా!"

"కింద ఫ్లాటు పకోడీ నీ నోట్లో కరకరలాడుతోందేవే? కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. పట్రా ఇలా."

శాంతకుమారి పళ్ళెం పట్టుకుని తెగించే వెళ్ళింది. ఇన్నేళ్ళూ నూరి పెట్టుకున్న మాటలన్నీ ఇవాళ అనేయాలనుకుంది. నోరు తెరిచేలోపే ముసలి చెయ్యి పళ్ళెంలో పడింది. పళ్ళు లేవు. చిగుళ్ళ మధ్య పెట్టి మెత్తబడేదాకా చప్పరించారు సీతమ్మగారు.

"ఉప్పు చాల్లేదు," అన్నారు. ఇంకోటి తీసుకున్నారు. "మీ మావగారు డ్యూటీ దిగి వచ్చేసరికి పకోడీ సిద్ధంగా ఉండాల్సిందే. రైల్వే గార్డు కదా, ఉల్లి లేకపోతే జెండా ఊపనని వేళాకోళం ఆడేవారు. నువ్వు కాపురానికి వచ్చాకే మానేశాం."

"నేనొచ్చాక మానేశారా?"

"నీకు పడదటగా. వాసనకే వాంతులవుతాయట. అచ్యుతం చెప్పాడు, కొత్త పిల్లని ఇబ్బంది పెట్టకమ్మా అని. మీ మావగారు పోయేదాకా సణుగుతూనే ఉన్నారు, కోడలొచ్చింది, పకోడీ పోయిందని."

"నాకు పడదని ఎవరన్నారండీ? మీకు పడదనే కదా నేను..."

ముసలావిడ దవడ ఆగిపోయింది.

వీధి తలుపు తీసుకుని అచ్యుతరామారావుగారు వచ్చారు. జిహ్వని జయించడం ఎలాగో జనానికి చెప్పి, దారిలో బండి దగ్గర ఆగి, బుగ్గన లవంగంతో. పళ్ళెం చూసి నిలబడిపోయారు.

"ఎంత పని చేశావు శాంతా! ఆఖరికి మా అమ్మ చేత ఉల్లి తినిపించావా?"

"రా నాయనా," అన్నారు సీతమ్మగారు. "ఇంతకీ ఎవరికిరా పడనిది?"

ఆయన తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశారు. చదువుకున్న మనిషికి సమాధానం దొరకదా!

"ఆ రోజుల్లో అప్పుడప్పుడే పురాణాలకి పిలుపులొస్తున్నాయమ్మా. ఉల్లి వాసనేసే గుమ్మానికి ఎవడొస్తాడు? ఇద్దరికీ విడివిడిగా చెబితే గొడవ ఉండదనుకున్నాను." కండువా తీసి కుర్చీ మీద వేశారు. "అయినా ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఒకరినొకరు ఒక్క మాట అడగొచ్చుగా!"

అది నిజమే. అత్తగారికి తల దువ్వుతూ అడగొచ్చు. తుంటి విరిగాక నీళ్ళు పోస్తూ అడగొచ్చు. శాంతకుమారి అడగలేదు. అత్తగారు రాక్షసిగా ఉంటేనే తన త్యాగానికి ఖరీదు. ఆ ఖరీదు తగ్గడం తనకే ఇష్టం లేదేమో.

అచ్యుతరామారావుగారు నాలుగు పకోడీలు అరచేతిలోకి తీసుకున్నారు.

"బాగానే ఉన్నాయే! ఎలాగూ బయటపడింది కనక రేపట్నుంచి నాకూ ఇంట్లోనే వేసెయ్. ఆ బండివాడు నూనె మార్చి చావడు. బాల్కనీ తలుపు మాత్రం వేసుకో, కింద వాళ్ళింట్లో వచ్చేవారం సుందరకాండ చెప్పాలి." కరకర నములుతూ కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళారు.

సీతమ్మగారు కోడలివైపు తిరిగి అడిగారు.

"నా మజ్జిగలో చెంబుడు నీళ్ళు పోసేదానివి. ఇందుకేనా?"

"తెలుసా మీకు?"

"తాగేది నేను కాదుటే?"

"ఇందుకే అత్తయ్యా."

"నేనూ తక్కువ తినలేదులే. మీ అమ్మకి ప్రాణం మీదకొచ్చిందని ఉయ్యూరు నుంచి ఫోనొచ్చినప్పుడు, వ్రతం పూర్తయ్యాకే కదలాలన్నాను. దేవుడి మీద భక్తితో కాదు. ఇంట్లో అన్నీ దీని పంతమేనా, ఈ ఒక్కటీ నా మాట చెల్లాలి అనుకున్నాను."

గంట ప్రయాణం. ఆ రోజు శాంతకుమారి వెళ్ళేసరికి తల్లిని అప్పటికే అరుగు మీద పడుకోబెట్టారు. అత్తగారి మొహంలోకి చూసింది. పళ్ళెంలో పకోడీలు చల్లారి మెత్తబడ్డాయి. తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది.

మర్నాడు మధ్యాహ్నం చిక్కటి మజ్జిగ మీగడతో సహా గ్లాసు నిండా పోసి మంచం దగ్గర పెట్టింది. సీతమ్మగారు చుక్క మిగల్చకుండా తాగారు. సాయంత్రం శాంతకుమారి బాల్కనీ తలుపు మూసి మొగుడికి ఉల్లి తరుగుతుంటే లోపల్నుంచి మూలుగు వినపడింది. ముసలావిడ పొట్ట పట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నారు.

"రేపట్నుంచి మళ్ళీ నీళ్ళు కలిపే ఇవ్వవే," అన్నారు. "నాకింక చిక్కటిది అరగదు."